పడినవాణ్ని లాగేదెవరు?

హిమాలయాల్లో మంచు ఎక్కాలనుకునే బ్యాచ్‌లు టికెట్లు బుక్ చేసే ముందు వేసుకోవాల్సిన లెక్క

మేడ్చల్ హైవే మీద, శామీర్‌పేట చుట్టుపక్కల ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ఆఖరి సెమిస్టర్ వచ్చిందంటే రెండు రకాల వాట్సాప్ గ్రూపులు ఆగకుండా మోగుతుంటాయి. ఒకటి ప్లేస్‌మెంట్లది, రెండోది ట్రిప్‌ది. ఒకప్పుడు ట్రిప్ అంటే గోవా. తర్వాత మనాలి అయ్యింది. ఇప్పుడు మనాలి వెళ్లి మాల్ రోడ్డులో ఫొటోలు దిగి వచ్చేస్తే అసలు లెక్కలోకే రాదు. ఫ్రెండ్‌షిప్ పీక్ ఎక్కాలి. వీలైతే లద్దాఖ్‌లో ఆరు వేల మీటర్ల శిఖరం ఒకటి కొట్టాలి. రీల్ పడుతుంది, పైగా రెజ్యూమెలో 'టీమ్‌వర్క్, లీడర్‌షిప్' కింద ఒక లైను కూడా పడుతుంది.

కొండలు ఎక్కడాన్ని నేను తప్పుపట్టను. ఇరవై రెండేళ్లకు ఎక్కకపోతే ఇంకెప్పుడు ఎక్కుతారు? నా అభ్యంతరం వేరు. ఆ గ్రూపుల్లో అన్నీ చర్చకు వస్తాయి. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ టికెట్లు, జాకెట్ల అద్దె, ఎవరు ఎవరి టెంట్‌లో పడుకోవాలి, అన్నీ. ఒక్క ప్రశ్న మాత్రం రాదు: 'ఈ పని చేసేంత అనుభవం మన బ్యాచ్‌కి ఉందా?' ఒకవేళ ఎవరైనా అడిగినా జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. 'వాడు పోయినేడాది కేదార్‌కంఠ చేశాడు, గైడ్ కూడా ఉంటాడు, పర్లేదు.'

ఈ 'పర్లేదు' గురించే నా బాధంతా.

మన ప్రాంతానికి ఈ బాధ కొత్త కాదు. 2014 జూన్ 8న బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లా థలౌట్ దగ్గర బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు చూస్తుండగానే నదిని ముంచెత్తాయి. రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న పిల్లలకు గట్టు చేరే సమయం దొరకలేదు. ఆ పిల్లలు చేసిన తప్పేమీ లేదు, పైనుంచి వచ్చేది వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. కానీ ఆ రోజు నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. కొత్త ప్రదేశంలో, ముఖ్యంగా కొండల్లో, ప్రమాదం మన కళ్లముందు ఉన్నచోట పుట్టదు. కిలోమీటర్ల ఎగువన పుడుతుంది. దాన్ని చదవగలిగినవాళ్లు గుంపులో ఎంతమంది అన్నదే అసలు ప్రశ్న. హిమానీనదం మీద ఈ ప్రశ్న పదింతలు పెద్దదవుతుంది.

అనుభవం కూడిక కాదు

ఎనిమిది మంది బ్యాచ్. అందులో ఒకరు నాలుగు ట్రెక్కులు చేశారు, ఇద్దరు ఒక్కోటి చేశారు, మిగతా ఐదుగురికి ఇదే మొదటిది. 'మొత్తం ఆరు ట్రెక్కుల అనుభవం ఉంది' అని కూడేస్తారు. లేదంటే 'యావరేజ్‌గా బానే ఉన్నాం' అంటారు. రెండూ తప్పే.

మనం చదువుకున్న సిరీస్ సిస్టమ్‌ని గుర్తు తెచ్చుకోండి. వరుసగా కలిపిన భాగాల్లో ఏ ఒక్కటి చెడినా మొత్తం ఆగిపోతుంది. కొండ మీద గుంపు కూడా అంతే. ఒక్కొక్కరికీ ఇబ్బంది లేకుండా పూర్తిచేసే అవకాశం 95 శాతం అనుకుందాం. చాలా మంచి సంఖ్య. ఎనిమిది మందిలో ఎవరికీ ఏమీ కాకుండా ఉండే అవకాశం 66 శాతమే. పన్నెండు మంది అయితే 54 శాతం. అంటే దాదాపు బొమ్మా బొరుసు ఆట. ఇది కూడా ఒకరి ఇబ్బందికి ఇంకొకరి ఇబ్బందితో సంబంధం లేదనుకుంటేనే. నిజంగా వాతావరణం చెడితే అందరికీ ఒకేసారి చెడుతుంది.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్‌లో జరిగింది అదే. కర్ణాటక నుంచి వెళ్లిన 22 మంది బృందం నాలుగు వేల మీటర్లకు పైన మంచు తుపానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. అది శిఖరారోహణ కాదు, తాళ్లు కట్టుకుని ఎక్కాల్సినదీ కాదు, మామూలు ట్రెక్.

కాబట్టి గుంపు పెద్దదైతే ధైర్యం పెరుగుతుందేమో గానీ భద్రత పెరగదు. గుంపుని అందరికంటే తక్కువ అనుభవం ఉన్నవాళ్లతోనే కొలవాలి. వాళ్లు ఎంత దూరం సురక్షితంగా వెళ్లగలరో ఆ గుంపు స్థాయి అంతే.

ఎత్తు సంగతి కూడా ఇలాంటిదే. మనం ఉండేది సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల దగ్గర. లేహ్ దాదాపు 3,500 మీటర్లు. పొద్దున శంషాబాద్‌లో విమానం ఎక్కితే ఆ రోజే అక్కడ దిగిపోవచ్చు, కానీ ఒంటికి అంత తొందరగా అలవాటు కాదు. 5,300 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ ఇక్కడి తీరప్రాంతంతో పోలిస్తే సుమారు సగం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తుని రోజుకి 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి రోజు ఉండాలని పర్వత వైద్యులు చెబుతారు. కాలేజీ క్రికెట్ కెప్టెన్ అయినా, రోజూ జిమ్ చేసేవాడైనా దీనికి మినహాయింపు కాదు. పైగా ఫిట్‌గా ఉన్నవాడే తొందరగా పైకి వెళ్లి తొందరగా పడిపోయే ప్రమాదముంది.

తలనొప్పి, వాంతులు, తూలడం మొదలైతే మందు ఒక్కటే: కిందికి దించడం. ఇక్కడే గుంపు లెక్క తేలిపోతుంది. పది మందికి ఒక్క గైడ్ ఉన్నాడు. ఒకరికి బాగోలేదు. గైడ్ అతన్ని దించితే మిగతా తొమ్మిది మందిని ఎవరు చూస్తారు? గైడ్ పైన ఉంటే జబ్బుపడ్డవాణ్ని ఎవరు దించుతారు? మూడో దారి, అందరూ కలిసి దిగిపోవడం. అది సరైన దారి. కానీ అలా దిగిపోదామని మీ బ్యాచ్ బయల్దేరే ముందే ఒప్పుకుందా? ఒప్పుకోకపోతే ఆ రాత్రి, ఆ చలిలో, శిఖరం ఇంకో నాలుగు గంటలుందనగా ఎవరూ ఒప్పుకోరు.

తాడు చెప్పే నిజం

ఫొటోలో హిమానీనదం తెల్లటి మైదానంలా కనిపిస్తుంది. నిజానికి అది చాలా నెమ్మదిగా కదిలే మంచు నది. కదిలేటప్పుడు పగుళ్లు వస్తాయి. వాటిని క్రెవాస్ అంటారు. కొన్ని పదుల మీటర్ల లోతు ఉంటాయి. కొత్తగా పడిన మంచు వాటి మీద పలచటి మూతలా పేరుకుంటుంది. తెల్లవారుజామున గడ్డకట్టి ఉన్న ఆ మూత బరువు మోస్తుంది. ఎండెక్కాక అదే మూత మెత్తబడి కూలిపోతుంది. పర్వతారోహకులు అర్ధరాత్రి దాటాక బయల్దేరేది అందుకే. కరిగిన మంచుతో వాగులు మధ్యాహ్నం పొంగుతాయి కాబట్టి వాటినీ పొద్దున్నే దాటేస్తారు.

పగులు ఎక్కడుందో తెలియదు కాబట్టి ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకుని, మధ్యలో పది మీటర్లో అంతకు కొంచెం అటూ ఇటో దూరం ఉంచి నడుస్తారు. ఒకరు పడితే మిగతావాళ్లు మంచు మీద పడుకుని, ఐస్ యాక్స్ గుచ్చి ఆపుతారు. వినడానికి సులువు. ఇప్పుడు వివరంగా చూడండి.

ఇద్దరే ఉన్నారనుకోండి. 75 కిలోల మనిషి పడితే ఆ కుదుపు మొత్తం రెండోవాడి మీదే. ఆపగలిగినా కదలడానికి లేదు, కదిలితే ఇద్దరూ పోతారు. అలా పడుకునే మంచులో ఆధారం తవ్వి, తాడు బరువు దాని మీదికి మార్చాలి. ముగ్గురుంటే ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు పని చేస్తారు. అందుకే మంచు కప్పిన హిమానీనదం మీద ఇద్దరి తాడు బాగా ఆరితేరినవాళ్లకే.

ఆపడం సగం పనే. లాగాలి. ఒకటికి మూడు వంతుల లాభమిచ్చే కప్పీల అమరిక మన మెకానిక్స్ ల్యాబ్‌లో చూసిందే. లెక్క ప్రకారం 75 కిలోలను 25 కిలోల బలంతో లాగొచ్చు. నిజంలో తాడు మంచు అంచుని కోసుకుని లోపలికి దిగిపోతుంది, కారబైనర్ల దగ్గర ఘర్షణ లాభంలో పెద్ద భాగం మింగేస్తుంది, గ్లౌజులు తీస్తే వేళ్లు కొయ్యబారతాయి. దీన్ని యూట్యూబ్‌లో చూసినవాడు చేయలేడు. పదిసార్లు మంచులో చేసినవాడు చేస్తాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ తాడులో ఇదంతా వచ్చినవాళ్లు ఎంతమంది? ఒక్కరే అయితే, ఆయనే ముందు నడుస్తాడు. ముందు నడిచేవాడే పగులులో పడే అవకాశం ఎక్కువ. అంటే లాగడం వచ్చిన ఒకే ఒక్కడు కింద ఉంటాడు, రానివాళ్లు పైన ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క సర్వర్ పడిపోతే సైట్ మొత్తం పడిపోయే డిజైన్‌ని సెకండియర్ మినీ ప్రాజెక్టులో కూడా లెక్చరర్ ఒప్పుకోరు. మన ప్రాణాల విషయంలో మాత్రం ఆ డిజైన్‌తోనే 'పర్లేదు' అనేస్తున్నాం.

అందుకే నేను చెప్పే కొలత ఒక్కటే. 'మీ గ్రూపులో ఎక్స్‌పర్ట్ ఉన్నాడా?' అని అడగకండి. 'ఆ ఎక్స్‌పర్ట్ పడిపోతే లాగేదెవరు?' అని అడగండి. రెండో పేరు చెప్పలేకపోతే ఆ గుంపు మంచు మీదికి వెళ్లడానికి ఇంకా సిద్ధం కాలేదు.

'అన్న ఉన్నాడుగా'

తెలియక జరిగే ప్రమాదాలు కొన్నే. తెలిసీ ఎవరూ నోరు విప్పకపోవడం వల్ల జరిగేవి చాలా. ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో 1972 నుంచి 2003 వరకు జరిగిన 715 హిమపాత ప్రమాదాలను పరిశీలించాడు. అవలాంచ్ శిక్షణ తీసుకున్నవాళ్లు కూడా, ఎదురుగా ప్రమాద సూచనలు కనబడుతున్నా ముందుకు వెళ్లడం అతను గమనించాడు. కారణాలు మంచులో లేవు, మనుషుల మధ్య ఉన్నాయి. తెలిసిన చోటే కదా అన్న ధీమా, తోటివాళ్ల మెప్పు కోసం తాపత్రయం, అనుకున్నది పూర్తిచేయాలన్న పట్టు, నాయకుడికి అన్నీ తెలుసన్న నమ్మకం. ఇలాంటివే.

మన బ్యాచ్‌లలో వీటికి తెలుగు పేర్లున్నాయి. నాయకుడి మీద గుడ్డి నమ్మకం పేరు 'అన్న ఉన్నాడుగా, చూసుకుంటాడు'. పట్టు పేరు 'డబ్బులు కట్టేశాం మామా, రిఫండ్ రాదు'. మెప్పు పేరు 'నా వల్ల అందరి ట్రిప్ చెడిపోతే ఎలా?' సీనియర్‌కి ఎదురు చెప్పడం మర్యాద కాదనే అలవాటు మనకు హాస్టల్ మొదటి రోజు నుంచే ఉంటుంది. కాళ్లు తేలిపోతున్నా 'ఐయామ్ ఓకే' అనే జూనియర్ ప్రతి గుంపులోనూ ఉంటాడు. భయంగా ఉందని చెబితే 'అమ్మాయిలు ఇంతే' అంటారేమోనని నోరు మూసుకునే అమ్మాయి కూడా ఉంటుంది. ఆమె చెప్పబోయిన మాట ఆ రోజు అందరినీ కాపాడేదేమో.

1996 మేలో ఎవరెస్ట్ మీద ఒక్క తుపానులో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ప్రపంచంలోనే పేరున్న గైడ్లు. మధ్యాహ్నం రెండు గంటలకల్లా వెనక్కి తిరగాలన్న మాట ఉంది. ఆ రోజు రెండు దాటాక కూడా ఎక్కుతూనే ఉన్నారు. గడియారం అందరి చేతులకూ ఉంది. ఆపే మాట మాత్రం వినబడలేదు.

కాబట్టి రెండు నియమాలు కింద ఉన్నప్పుడే, మెదడుకి ఆక్సిజన్ బాగా అందుతున్నప్పుడే రాసుకోవాలి. ఒకటి, వెనక్కి తిరిగే సమయం. శిఖరం పది నిమిషాలే ఉన్నా సరే. రెండు, గుంపులో ఎవరైనా 'వద్దు' అంటే ఆగిపోవాలి. కారణం అడగకూడదు, తర్వాత ఎగతాళి చేయకూడదు. ఈ రెండో నియమానికి ఒప్పుకోని ఫ్రెండ్ ఉంటే ఎంత మంచి ఫ్రెండైనా ఆ తాడులో వద్దు.

ఎక్కినవాళ్లు ఎలా ఎక్కారు?

ఇంత లెక్కలు వేస్తే ఎవడూ కొండెక్కడు అని మీలో కొందరు ఈపాటికి అనుకుంటూ ఉంటారు. లెక్క వేసి ఎక్కినవాళ్లు మన దగ్గరే ఉన్నారు.

మలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు. 2014 మే 25న, పద్నాలుగేళ్లు ఇంకా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఆమెతోపాటు ఎక్కాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. సినిమా వచ్చింది, సన్మానాలు జరిగాయి, కాబట్టి 'ధైర్యం ఉంటే చాలు' అనే కథగా అది మనకు గుర్తుండిపోయింది. నాకు అందులో నచ్చేది వడపోత. అప్పటి గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్, కోచ్ శేఖర్ బాబు బాచినేపల్లి ఆధ్వర్యంలో భువనగిరి కొండ మీద వందమందికి పైగా పిల్లలతో శిక్షణ మొదలైంది. డార్జిలింగ్ శిక్షణకు కొందరే ఎంపికయ్యారు. లద్దాఖ్ చలికాలాన్ని తట్టుకున్నాక ఇంకొందరు మిగిలారు. చివరికి ఇద్దరు. ప్రతి మెట్టు దగ్గరా 'నువ్వు ఇంకా సిద్ధంగా లేవు' అని చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నారు. ఆ మాట విని వెనక్కి వెళ్లిన పిల్లలు కూడా ఆ విజయంలో భాగమే.

మన బ్యాచ్ ట్రిప్‌లో లేనిది ఆ వడపోతే. డబ్బులు కట్టిన ప్రతివాడూ ఎంపికైనట్టే.

తెలిసినవాళ్లకూ జరుగుతుంది

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అనుభవం ఉంటే ప్రమాదం తగ్గుతుంది, పోదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం మీద హిమపాతం పడింది. 27 మంది మృతదేహాలను వెలికితీశారు, మరో ఇద్దరు గల్లంతయ్యారు. చనిపోయినవాళ్లలో శిక్షకురాలు సవితా కంస్వాల్ ఉన్నారు. అంతకు కొన్ని నెలల ముందే ఆమె 16 రోజుల వ్యవధిలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కారు. అదే ఏడాది జులై 3న ఇటలీలోని మార్మొలాడా మీద హిమానీనదం ముక్క విరిగిపడి 11 మంది చనిపోయారు. ముందు రోజు ఆ శిఖరం మీద ఉష్ణోగ్రత పది డిగ్రీలకు చేరింది. ఏటేటా వెళ్లే దారి కూడా వేడెక్కుతున్న ప్రపంచంలో పాత దారిలా ఉండదు. 'పోయినేడాది మా సీనియర్లు వెళ్లొచ్చారు' అన్న మాట మంచు విషయంలో ఏ హామీ ఇవ్వదు.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు గురించి ఇంజినీరింగ్ చదివే ప్రతి తెలుగువాడికీ తెలియాలి. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఎక్కేసిన మనిషి. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఆరు వేల మీటర్లకు పైబడిన సెర్రో ట్రెస్ క్రూసెస్ వైపు ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట్లో ఆయన భౌతికకాయం దొరికింది. ఆయన తీసుకున్న నిర్ణయాన్ని హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని తీర్పు చెప్పే అర్హత మనకెవరికీ లేదు. కానీ అంతటివాడికే కొండ రాయితీ ఇవ్వలేదంటే, ఒక్క కేదార్‌కంఠ సర్టిఫికెట్ ఉన్నవాడికి ఇస్తుందని ఎలా అనుకుంటాం?

బయల్దేరే ముందు

బ్యాచ్ మొత్తం ఓ సాయంత్రం కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి. గంట పడుతుంది.

1. మనలో మూడు వేల మీటర్ల పైన రాత్రి గడిపినవాళ్లు ఎవరు? అప్పుడు ఒంట్లో ఎలా ఉంది? ఎన్ని ట్రెక్కులన్నది కాదు, ఏ ఎత్తు, ఏ నెల, ఏ వాతావరణం అన్నది రాయాలి.

2. ఆ ట్రెక్కుల్లో నిర్ణయాలు తీసుకున్నది వాళ్లా, లేక గైడ్ వెనక నడిచారా? పదిసార్లు ఇంకొకరి వెనక నడిచినా ఒక్కసారి దారి చూపిన అనుభవానికి సమానం కాదు.

3. ఐస్ యాక్స్‌తో జారడం ఆపుకోవడం, క్రాంపాన్లతో నడవడం, పగులులోంచి లాగడం నిజమైన మంచు మీద సాధన చేసినవాళ్లు ఎవరెవరు? కనీసం రెండు పేర్లు ఉండాలి.

4. కంపెనీ ఎంతమందికి ఒక గైడ్‌ని ఇస్తోంది? అతను ఏ సంస్థలో శిక్షణ పొందాడు? ఒకరిని కిందికి దించాల్సి వస్తే రెండో గైడ్ ఉన్నాడా? ఈ ప్రశ్నలకు చిరాకుపడే కంపెనీ అయితే జవాబు దొరికినట్టే.

5. ప్లాన్‌లో అదనపు రోజులు ఎన్ని? ఐదు రోజుల్లో శిఖరం అనే ప్యాకేజీలో ఎత్తుకు అలవాటుపడే రోజులు ఎక్కడ ఇరికించారో లెక్కపెట్టండి.

6. ఎవరైనా వెనక్కి తిరిగితే డబ్బుల సంగతేంటి? ఆ నష్టం అందరూ పంచుకుంటామని ముందే అనుకోండి. నాలుగైదు వేల కోసం ఎవడూ అబద్ధపు 'ఐయామ్ ఓకే' చెప్పాల్సిన అవసరం ఉండకూడదు.

జవాబులు సరిగ్గా లేకపోతే ట్రిప్ మానేయక్కర్లేదు, శిఖరం మార్చండి. మంచు లేని, తాడు అక్కర్లేని దారులు హిమాలయాల్లో ఎన్నో ఉన్నాయి. నిజంగా మంచు మీదే మనసుంటే నేర్చుకుని వెళ్లండి. ఉత్తరకాశీ, డార్జిలింగ్, మనాలి, పహల్గామ్‌లలో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలున్నాయి. బేసిక్ కోర్సు సుమారు నాలుగు వారాలు. అందులో ఏ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకు తీసుకుంటారు. ప్రైవేటు ట్రెక్ కంపెనీలు వసూలు చేసే దాంతో పోలిస్తే అక్కడ నేర్పేది ఎంతో ఎక్కువ. ఈలోగా మౌలాలి గుట్ట, భువనగిరి కొండ మన పక్కనే ఉన్నాయి. తాడు ముడులు, హార్నెస్ మీద నమ్మకం, తోటివాడి మీద నమ్మకం అక్కడ వస్తాయి. శామీర్‌పేట చెరువు వైపు వారాంతాల్లో పది కిలోల బ్యాగుతో నడిస్తే కాళ్లు గట్టిపడతాయి. చలి, ఎత్తు, మంచు మాత్రం ఇక్కడ నేర్చుకోలేం. ఆ మాట గుర్తుంచుకుంటే చాలు.

రెజ్యూమెలో ఏం రాస్తారు?

ఇది కెరీర్ పేజీ కాబట్టి ఆ సంగతీ చెప్పుకుందాం. '6,000 మీటర్ల శిఖరం ఎక్కాను' అని రాసే ఫ్రెషర్లు ఇప్పుడు కొత్తేమీ కాదు. ఇంటర్వ్యూలో కూర్చున్న పెద్దాయనకు ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు. డబ్బు కట్టి, గైడ్ వెనక నడిచి, వాతావరణం కలిసొస్తే చాలామంది ఎక్కుతారు. 'మా బృందంలో ఇద్దరికి అనుభవం చాలదని తేలింది, అందుకే రూటు మార్చాం. పైన ఒకరికి బాగోలేకపోతే అందరం దిగిపోయాం' అని చెప్పగలిగినవాణ్ని మాత్రం ఎవరైనా ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతారు. అతను టీమ్‌లో బలహీనమైన లింకు ఎక్కడుందో చూడగలడు, ఇష్టం లేని మాట బయటికి చెప్పగలడు, పెట్టిన డబ్బు పోయినా సరైన పని చేయగలడు. రిలీజ్ రోజు రాత్రి సర్వర్ ముందు కూర్చునే మేనేజర్‌కి కావాల్సింది ఇలాంటివాడే.

ఉద్యోగం వెతుక్కునేటప్పుడు కూడా ఈ కొలత పనికొస్తుంది. నలుగురు ఫ్రెండ్స్ కలిసి స్టార్టప్ పెడదామంటారు. ప్రొడక్ట్ మొత్తం ఒక్కడికే తెలుసు, వాడికి వేరే ఆఫర్ వస్తే? చిన్న కంపెనీలో చేరమంటారు. అక్కడ ఇరవై మంది ఫ్రెషర్లు, ఒకే ఒక్క సీనియర్. ఆయన వెళ్లిపోతే మీకు నేర్పేదెవరు? అమీర్‌పేటలో అందరూ ఒకే కోర్సు వెనక పడుతుంటారు. ముందు అడుగుజాడలు ఉన్నాయి కదా అని మీరూ అదే దారి పడితే, ఆ అడుగులు ఎక్కడిదాకా వెళ్లాయో ఎవరైనా చూశారా? కొండ మీద అయితే తప్పుకి మూల్యం వెంటనే చెల్లిస్తాం. ఇక్కడ రెండు మూడేళ్లు పడుతుంది. తేడా అంతే.

కాలేజీలకూ ఒక మాట. విద్యార్థుల పర్యటన అంటే బస్సు, హోటల్, తల్లిదండ్రుల సంతకం. ఈ మూడూ ఉంటే అనుమతి ఇచ్చేస్తున్నారు. వెళ్తున్న చోట కొండలు, నదులు, మంచు ఉంటే ఆ ప్రాంతం తెలిసిన మనిషి ఎవరు, గుంపులో ఎవరికి ఏం వచ్చు అన్నది కూడా ఒక కాగితం మీద అడగండి. కాలేజీకి సంబంధం లేని సొంత ట్రిప్ అయినా సరే, ఆ కాగితం నమూనాని నోటీసు బోర్డు మీద పెట్టండి. పెద్ద ఖర్చేమీ కాదు. బియాస్ గట్టున పిల్లల కోసం రోజుల తరబడి ఎదురుచూసిన తల్లిదండ్రులు మన మేడ్చల్ జిల్లా కాలేజీ కోసమే అక్కడికి వెళ్లారని మర్చిపోవద్దు.

ఈ ఏడాది కూడా గ్రూపులో ఎవరో ఒకరు శిఖరం ఫొటో పెట్టి 'ఎవరెవరు వస్తున్నారు?' అని అడుగుతారు. చేతులు లేపే ముందు మీలో ఒక్కరు రెండో ప్రశ్న టైప్ చేయండి: 'మనలో పడినవాణ్ని లాగేదెవరు?' కాసేపు ఎవరూ రిప్లయ్ ఇవ్వకపోవచ్చు. ఇద్దరి పేర్లు వచ్చేదాకా టికెట్లు బుక్ చేయకండి.